పన్నెండూ పది

దిల్‌సుఖ్‌నగర్ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో పానకాలరావు మాస్టారు ఏం పలికితే, నలభైమందీ ఒకే గొంతుతో అదే తిరిగి పలకాలి. అది ఆయన పద్ధతి.

"నూన్ అంటే ఒకప్పుడు పన్నెండు కాదర్రా, మూడు. పొద్దు పొడిచాక తొమ్మిదో గంట. ఉపవాసమున్న క్రైస్తవ సన్యాసులు ఆకలికి ఆగలేక ముందుకు లాక్కున్నారంటారు. పాతకాలంలో 'నోన్' అనేవాళ్లు. అనండి!"

"నోన్!" అంది క్లాసు.

తర్వాతి మాట ఈవెనింగ్. ఆయన పలికాడు.

"ఈయనీ!" అంది క్లాసు.

ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ పలికాడు.

"ఈయనీ!"

"ఏంటా వెక్కిరింత?" అని గద్దించాడు.

"ఏయా ఎక్కీయా!" అని నలభైమందీ శ్రద్ధగా అరిచారు. అదీ పాత ఇంగ్లిషే అనుకున్నారు.

మాస్టారికి అప్పుడు అర్థమైంది. వాళ్లు తప్పు పలకడం లేదు. తన నోట్లోంచి వస్తున్నదే తిరిగొస్తోంది. కుడిచేతిలోని చాక్‌పీసు జారిపోయింది.

"ఎవ్వలు పలకకుండ్రి! సార్ మూతి వంకరవోయింది. 108కు ఫోన్ కొట్టుండ్రి!"

అని అరుస్తూ వెనక బెంచీలోని యాదలక్ష్మి పరుగున వచ్చింది. ముందుగా గోడ గడియారం వైపు చూసింది. వేలాడిపోయిన ఆయన చేతిని పట్టుకుని, పెన్నుతో 12:10 అని రాసింది.

"మా నాయినకు గిట్లయిననాడు, ఎన్ని గంటలకు మొదలైందని డాక్టర్ అడిగిండు సార్. పొద్దుగూకంగ అన్న. గంట చెప్పరాలె. గంట తెల్వకుంట నెత్తురుగడ్డ కరిగే సూది ఎయ్యరాదన్నరు."