వైరు లేని మీటరు

పంతొమ్మిది వందల అరవై మూడులో, మెదక్ మెకానిక్ జయానందం పోచారం చెరువు దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. దొరగారి పాత తెరచాప పడవకి బిగించిన ఇంజన్ వేడి చూపే మీటరు బాగుచెయ్యాలి.

నెల కిందట ఆ పడవ నడిపింది అతని తమ్ముడు దావీదు. వేడి ముల్లు ఎర్రగీత దాటుతోందని అతను మొత్తుకున్నా, మీటరు తప్పంటూ దొర నడపమన్నాడు. పైపు పగిలి, మరిగిన నీళ్లు మీదపడి దావీదు చచ్చిపోయాడు.

"జల్ది చెయ్యి. పొద్దుగాల పట్నంకెల్లి చుట్టాలొస్తున్నరు," అన్నాడు దొర గట్టుమీది నుంచి. తమ్ముడి ఊసే ఎత్తలేదు.

జయానందం టార్చి వేశాడు. ఇంజన్ చల్లగా ఉంది. ముల్లు మాత్రం ఎర్రగీత మీద ఉంది. బ్యాటరీ వైరు పీకేశాడు. ముల్లు సున్నాకి పడాలి, పడలేదు. మీటరునే ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు. ముల్లు మెల్లగా ఇంకా పైకి జరిగింది.

ఇంజన్ గదిలో నీళ్లు మరుగుతున్న చప్పుడు మొదలైంది.

"ఏమైందిరా?" అని అరిచాడు దొర.

జయానందం మీటరుని మళ్లీ దాని చోట పెట్టాడు.

"నాకు సమజ్ అయితలేదు దొరా. మీరే వచ్చి జర చూడుండ్రి."

దొర విసుక్కుంటూ పడవలోకి దిగాడు. జయానందం టార్చి అతని చేతికిచ్చి గట్టెక్కాడు.