ఒకే స్పీకరు, రెండు రేడియోలు

"ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకావా?" హాల్లోంచి కేకేశాడు అచ్యుతరావు.

"పీకేశాను మావయ్యా. ఫాన్లూ లైట్లూ అన్నీ కట్టేశాను. ఇంట్లో ఇప్పుడు ప్లగ్గుకి ఉన్నది మీ రేడియో ఒక్కటే," అన్నాడు మేనల్లుడు కేదార్.

"మరి నా మిక్సీ?" వంటింట్లోంచి జానకీదేవి గొంతు.

"గంటసేపు మిక్సీ మాటెత్తకు! అది తిరిగిందంటే రేడియోలో బరబర తప్ప ఇంకేం వినపడదు."

"బాగుంది సంబడం!" ఆవిడ పచ్చడి గిన్నె చంకనపెట్టుకుని పక్కింటి ఛాయాదేవి మిక్సీలో రుబ్బుకోడానికి వెళ్ళిపోయింది.

మే నెల, శనివారం మధ్యాహ్నం నాలుగు. ఫాను లేని గదిలో ఇద్దరికీ చెమటలు ధారలు కడుతున్నాయి. అయినా అచ్యుతరావు మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది. ముప్పై ఏళ్ళనాటి తన వాల్వు రేడియో ఉంటుందో పోతుందో ఇవాళ తేలిపోవాలి మరి.

సంగతేమిటంటే, వాళ్ళమ్మాయి మంజూషకి సోమవారం కంప్యూటరు వస్తోంది. హాల్లో ఒక్క బల్లకే చోటు. "ఆ చెక్కపెట్టె రేపు ఎర్రగడ్డ సండే మార్కెట్‌కి పోవాల్సిందే. కేదార్ సింగపూర్ నించి తెచ్చాడుగా అరచేతిలో పట్టే రేడియో, అది వినండి," అని జానకీదేవి తీర్పు చెప్పేసింది. అచ్యుతరావు కాళ్ళావేళ్ళా పడి ఒక్క షరతు ఒప్పించుకున్నాడు. పోటీలో పాతది గెలిస్తే అది కదలదు, కంప్యూటరే పడగ్గదిలోకి పోతుంది.

ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది కొన్న రేడియో అది. ప్రపంచంలో ఎక్కడెక్కడి స్టేషన్లనో దాంట్లో విని, "మీ ప్రసారం విన్నాను" అని ఉత్తరాలు రాస్తే వాళ్ళు పంపిన బొమ్మల కార్డులు బీరువాలో రెండొందల పైన ఉన్నాయి. డయల్లో దీపం మాడిపోయి ఏడాదైనా ముల్లు ఎక్కడుందో ఆయన వేళ్ళకి తెలుసు.

పోటీకి ఏర్పాటు కేదార్‌దే. రెండు రేడియోలకీ డాబా మీది ఒకే ఏరియల్ తీగ, ఒకే స్పీకరు, మధ్యలో ఒక స్విచ్చి. ఆ స్విచ్చి మీద తువ్వాలు. అచ్యుతరావు బల్లకి వీపు పెట్టి గోడవైపు కూర్చోవాలి. ఏది మోగుతోందో కేదార్‌కి తప్ప తెలియదు.

మొదటి రౌండు, గట్టిగా వచ్చే స్టేషను. "రెండోది! గొంతు నిండుగా ఉంది," అన్నాడు అచ్యుతరావు.

"అది మీదే మావయ్యా."

కుర్చీలోనే ఎగిరి గంతేసినంత పని చేశాడాయన.

రెండో రౌండు, కాస్త దూరపు స్టేషను. ఒకదాంట్లో మాట హోరులో కలిసిపోయింది, ఇంకోదాంట్లో ముక్క ముక్కగా తెలిసింది. "మొదటిది," అన్నాడాయన.

"అది నాది."

"హోరు నా రేడియోది కాదురా! కింద రెండంతస్తులూ కంప్యూటర్ నేర్పే సెంటరేగా. వంద మానిటర్లు గీపెడుతుంటే వాటి గోల వింటూ సన్నటి మాటలెలా పట్టుకుంటుంది పాపం?"

"మా దానికీ అదే గోల మావయ్యా."

"సరేలే, ఒకటీ ఒకటీ. పసిఫిక్ దీవి స్టేషను పెట్టు. ముప్పై ఏళ్ళుగా నాకు చిక్కలేదది. ఇవాళ తేల్చేద్దాం!"

కేదార్ రెండింట్లోనూ ఆ చోటికి తిప్పాడు. హోరే హోరు. ఐదు నిమిషాలు చెవులు రిక్కించినా గాలివాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో మెట్ల మీద దడదడమని కుర్రకారు దిగిపోతున్న అలికిడి.

"బ్యాచ్ వదిలేసినట్టున్నారు," అన్నాడు అచ్యుతరావు.

కేదార్ కిటికీలోంచి వీధిలోకి చూశాడు.

సరిగ్గా అప్పుడే స్పీకర్లో హోరు తుడిచిపెట్టుకుపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి సన్నగా డప్పు, ఆ వెనకే ఆడమనిషి గొంతు, స్టేషను పేరు. అచ్యుతరావుకి ఒళ్ళంతా గగుర్పొడిచింది.

"అదే! అదేరా! రెండోది కూడా వినిపించు, తొందరగా!"

టక్. స్పీకర్లో చడీచప్పుడూ లేదు.

"మళ్ళీ మొదటిదానికి!"

టక్. డప్పు, పాట, ఆ గొంతు.

"మొదటిదే! రెండోదాంట్లో కనీసం గుయ్యిమనైనా లేదు. చెప్పరా, మొదటిది ఎవరిది?"

తువ్వాలు కింద కేదార్ చెయ్యి అలాగే ఉంది. మావయ్య వీపు వంక, బీరువా వంక చూశాడు.

"మీదే మావయ్యా," అన్నాడు చివరికి. "నా సెట్టు మూగబోయింది. ఓడిపోయాను."

అచ్యుతరావు ఒక్క ఉదుటున లేచి మేనల్లుణ్ణి కావలించుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశావుట్రా! నాలుగు పెన్సిల్ బ్యాటరీల మీద బతికే బుల్లిపెట్టె దీనికి సాటా?" అంటూ కాయితం తీసి స్టేషనుకి ఉత్తరం మొదలెట్టాడు. 'ఏ రేడియోలో విన్నారు' అన్నచోట తన పాతరేడియో పేరు పెద్ద అక్షరాలతో రాసి, సాక్షి సంతకం పెట్టమన్నాడు. కేదార్ పెట్టేశాడు.

వీధి తలుపు తోసుకుని జానకీదేవి వచ్చింది. గిన్నెలో పచ్చడి సగమే నలిగింది.

"గెలిచానే జానకీ! కంప్యూటరు పడగ్గదిలోకే! ముందా ఫాను వెయ్యి, ఉడికిపోతున్నాం."

ఆవిడ గిన్నె బల్లమీద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఫాను ఎక్కడ తిరుగుతుందండీ, కరెంటు పోయి పావుగంటైంది!"