మెరుగు పెట్టిన ఉంగరం

"వజ్రాలటమ్మా ఇవి? గాజుపెంకుల్లా ఉన్నాయి," అని మూతి విరిచింది కాబోయే అత్త వసంతకుమారి. ప్రధానానికి తన అమ్మమ్మ ఉంగరమే పెట్టుకుంటానని పెర్సిస్ పట్టుబట్టడంతో, మెరుగు పెట్టిస్తానని ఆవిడే దాన్ని ఢిల్లీ కరోల్ బాగ్‌లో నగల కొట్టుకి తీసుకెళ్లింది.

ప్రధానం రోజు చర్చిలో అందరి ముందూ వసంతకుమారి డబ్బీ తెరిచింది. పువ్వులా పొదిగిన రాళ్లు ధగధగా మెరిశాయి.

"చూశావా? మీ ఇంట్లోవాళ్లకి వస్తువు వాడుకోవడం కూడా తెలీదు."

పెర్సిస్ ఉంగరాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, మళ్లీ డబ్బీలోనే పెట్టేసింది.

"మావి పాతకాలపు రోజ్ కట్ వజ్రాలు, ఆంటీ. అడుగు చదునుగా ఉంటుంది, వీటిలా మొనదేలి ఉండదు. ఎంత మెరుగు పెట్టినా మబ్బుగానే ఉంటాయి. ఇవి మా రాళ్లు కావు. మావి తెచ్చివ్వండి. మీ అబ్బాయిని మీరే ఉంచుకోండి."