ఆయనకు పడని ఓవెన్

కేకులావిడ ఓవెన్‌లోకి భుజాల దాకా దూరి గీకుతోంది.

కేకులావిడ అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. ఆ వీధిలో పుట్టినరోజైనా పెళ్ళిరోజైనా ఆవిడ చేతి కేకే కావాలి. తినేది అందరూ. పొంగి, ఒలికి, అడుగున మాడి అట్టకట్టిన పిండిని వదలగొట్టడం మాత్రం ఆవిడ ఒక్కదాని వంతు.

మణికట్టు కలుక్కుమంది. "అబ్బా!" అంటూ చెయ్యి బయటికి లాక్కుంది.

"ఏమోయ్, టీ!" ముందుగదిలోంచి గొంతు.

"ఇక్కడ చెయ్యి ఊడిపోయి నేనేడుస్తుంటే టీ అట, టీ!" అని విసుక్కుంది. అయినా లేచి స్టవ్ వెలిగించింది. ఎన్నేళ్ళ అలవాటు! ఊరికే పోతుందా?

అప్పుడే కూతురు వచ్చింది. వాచిన మణికట్టు చూడగానే అగ్గిమీద గుగ్గిలమైంది.

"డాక్టర్ ఏమన్నాడమ్మా? ఇంకా ఇలాగే గీకితే ఆ చేత్తో చెంచా కూడా పట్టుకోలేవు అన్నాడా, లేదా? పద. తనను తనే శుభ్రం చేసుకునే ఓవెన్లు వచ్చాయి. చూసొద్దాం."

"ఇప్పుడవన్నీ ఎందుకే..."

"ఉన్నది చాల్లేవోయ్!" ముందుగదిలోంచి మళ్ళీ అదే గొంతు.

కూతురు పళ్ళు కొరికింది. "బీరువా కొందామన్నా ఇదే మాట, ఫ్రిజ్ కొందామన్నా ఇదే మాట. నా చిన్నప్పట్నించీ విని విని చెవులు తూట్లు పడ్డాయి. నువ్వు నడు ముందు."

నిజమే. ఆ ఇంట్లో ఆ మాటకి తిరుగులేదు. అది వినపడ్డాక ఎన్ని వస్తువులు కొట్లోనే ఉండిపోయాయో!

షాపులో సేల్స్‌మాన్ ఉత్సాహంగా చూపించాడు.

"ఈ బటన్ నొక్కడం వరకే మీ పనండీ. తలుపు దానంతటదే బిగుసుకుంటుంది. లోపల కొలిమిలా వేడెక్కి, మాడిందంతా బూడిదైపోతుంది. చల్లారాక తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే సరి."

ఆవిడ ఓవెన్ తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. లోపల నున్నటి గోడల్ని అరచేత్తో నిమిరింది. ఇక గీకుడు లేదు. చెయ్యి కుదుటపడుతుంది. ఓపిక ఉన్నన్నాళ్ళూ కేకులు చేసుకోవచ్చు. చంటిపిల్లలా మురిసిపోయింది.

"ఇదే తీసుకుందామే," అంది కూతురితో.

"ఒక్క మాటండీ," అన్నాడు సేల్స్‌మాన్. "బూడిదయ్యేటప్పుడు కాస్త పొగ, ఘాటు వస్తాయి. కిటికీలు తెరిచి పెట్టుకోవాలి. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, ఆయనా."

కూతురు మొహం పక్కకి తిప్పుకుంది.

పొగ అనగానే ఆవిడకు మనసులో ఏదో మెదిలింది. సేల్స్‌మాన్‌ని ఓ పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. అతను గబగబా తల అడ్డంగా ఊపాడు.

"అమ్మో! అయితే చాలా జాగ్రత్తండీ. మనకేం కాదు గానీ, అంత సున్నితమైన ఊపిరికి ఆ పొగ తగిలితే ప్రాణమే పోవచ్చు. ఓవెన్ నడిచేటప్పుడు ఆ ఇంట్లోనే ఉంచకూడదు. దూరంగా ఎక్కడికైనా పంపెయ్యాలి."

ఆవిడ మొహంలో వెలుగంతా చప్పున ఆరిపోయింది.

"దాందేముందమ్మా! ఆ పూటకి మా ఇంట్లో ఉంచుదాం," అంది కూతురు.

"ఉంచావుగా పోయినసారి! మీ ఇంటికి వచ్చింది మొదలు నోరు విప్పితే ఒట్టు. తిండి ముట్టలేదు. తిరిగొచ్చాక కూడా ఎన్నాళ్ళకో గానీ మాట రాలేదు. నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ ఆ గండం నాకొద్దు."

"మరి ఆ పాతదాన్నే గీకుతూ కూర్చుంటావా? చెయ్యి పోతుంది."

"గీకను. కేకులే మానేస్తా."

కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. "పిండి కలపందే నీకు తెల్లారదు. అది కూడా వదులుకుంటావా? ఎన్నాళ్ళమ్మా ఇలా?"

"ఆ 'ఏమోయ్' వినిపించినన్నాళ్ళూ."

ఇద్దరూ ఉత్త చేతుల్తో ఇంటికి తిరిగొచ్చారు. తలుపు తీశారో లేదో, "ఏమోయ్, టీ!" అని వినిపించింది.

కూతురు గడపలోనే ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ గిరుక్కున వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆవిడ కేకు గిన్నెలన్నీ కడిగి ఆరబెట్టింది. ఒక్కొక్కటే అట్టపెట్టెలో సర్దుతుంటే పక్కింటావిడ వచ్చింది.

"మా పాప పుట్టినరోజు వస్తోందండీ. పోయినసారి చేశారే, అలాంటిదే..."

"ఈసారి బయట తెచ్చుకోమ్మా. నేనిక చెయ్యడం లేదు."

పక్కింటావిడ వెళ్ళేదాకా ఏడుపు ఎలాగో ఉగ్గబట్టుకుంది. తర్వాత గిలక్కొట్టే కవ్వాన్ని ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నతనం నుంచీ చేతిలో ఉన్న పని. ఇంత తేలిగ్గా వదులుకోవాల్సి వస్తుందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు.

పెట్టె మూసేసి ముందుగదిలోకి వచ్చి కూలబడింది.

"మానేశానండీ కేకులు. మీకోసమే. ఇప్పుడు సంతోషమేనా?"

"ఉన్నది చాల్లేవోయ్!"

ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వింది. కళ్ళు తుడుచుకుని లేచి, ఆయన పోయాక కూడా ఆయన గొంతుతోనే తనను పిలుస్తున్న చిలకకి పంజరంలో గుప్పెడు గింజలు పోసింది.