పటేల్ కుడి చెయ్యి

“నన్ను ముట్టుకున్నవంటే ఊరు దాటిస్త,” అన్నాడు లింగమూర్తి పటేల్.

“ముట్టుకొని చెప్తెనే బతుకుతవ్ పటేలా. లేకుంటె ఉరే. జర సోంచాయించుకో,” అంటూ చంద్రమ్మ నువ్వులనూనె అరచేతుల్లో రుద్దుకుంది.

గోపన్‌పల్లి చావడి నిండా జనం. నిజాం రాజ్యం పోయి ఏడాది కాలేదు. నిన్నటిదాకా పటేల్ ఎదురుపడితే చెప్పులు చేతపట్టుకున్నవాళ్లు ఇవాళ మెడలు చాచి తమాషా చూస్తున్నారు. చంద్రమ్మ మొగుడు ఎల్లేశం వెట్టికి రానన్నాడు. నీ తల పగలగొడతానని పటేల్ అందరి ముందూ అరిచాడు. వారం తిరక్కుండా ఎల్లేశం కొట్టంలో తల పగిలి పడున్నాడు. పక్కనే రోకలి.

దెబ్బ నడినెత్తిన పడింది. ఎల్లేశం ఆరడుగుల మనిషి. కొట్టినవాడి చెయ్యి తలకంటే పైకి లేచి తీరాలి. పటేల్ కుడి చెయ్యేమో భుజం దాటి లేవడం లేదు. అది నిజమో నటనో చంద్రమ్మ తేల్చాలి.

“నాలుగేండ్ల సంది గింతే,” అన్నాడు పటేల్.

“మరి ఊళ్లో ఒక్కరికీ తెలియదేంటయ్యా?” అన్నాడు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన పోలీసు అమీన్ వెంకటనారాయణ.

“లేవదని తెలిస్తే నాకెవడు భయపడ్తడు?”

ఎవరో కిసుక్కున నవ్వారు. పటేల్ మొహం కందగడ్డ అయింది.

“పట్నం నుంచి డాక్టర్ను పిలిపియ్యి. మొగడు సచ్చినదాని మాట ఏం నమ్ముతవ్?”

“మాట నమ్మకు సార్. కండ్లతోనే చూడు,” అంది చంద్రమ్మ. చుట్టుపక్కల పన్నెండు ఊళ్లలో జారిన కీలైనా, పట్టిన నడుమైనా ఆమె చేతికిందికి రావలసిందే.

“ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?”

“ఎవరి దగ్గర లేదు. లగ్గమైనంక ముందుగాల నా ఎముకలే అతికించుకున్న.”

అమీన్ చూపు ఆమె వంకర మణికట్టు మీద పడింది.

ఆమె పటేల్‌ను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. కుడిచేత్తో అతని రెక్క ఎముకను అదిమిపట్టి, ఎడమచేత్తో మోచెయ్యి అందుకుని మెల్లగా తిప్పింది. బొటనవేలు చంకలో దింపి బిగిసిన కండను పిసికింది. పటేల్ బూతులు లంకించుకున్నాడు.

“నటించేటోడు ఒళ్లు బిగవడ్తడు సార్. ధ్యాస మళ్లియ్యాలె,” అని పటేల్ మీదికి వంగింది. “మా ఆయన నిన్ను పిరికోడన్నడు, ఎరికేనా?”

“వాడా? థూ, వాని—”

ఒక్క ఊపున లాగింది. టప్పుమని చప్పుడైంది. పటేల్ కేక చావడి దాటింది. చెయ్యి చెవి పక్కకు లేచి నిలిచింది.

“లేచిందా సార్?”

“లేచింది,” అన్నాడు అమీన్.

“ఇప్పుడే లేచింది! ఇదే లేపింది! నాలుగేండ్ల సంది లేవలే సార్!” పటేల్ ఏడుస్తున్నాడు. వినేవాడు లేడు. జవాన్లు ఆ చేతికే బేడీ వేసి ఈడ్చుకుపోయారు. ఆడవాళ్లు చంద్రమ్మ చేతులు కళ్లకద్దుకున్నారు. మొగుణ్ణి చంపినవాణ్ణి పట్టిచ్చిన ఇల్లాలని మెచ్చుకున్నారు.

ఇంటికెళ్లి ఆమె తలుపు గడియ పెట్టుకుంది. మిగిలిన నూనె వెచ్చచేసి, పళ్లు బిగబట్టి తన కుడి భుజానికి పట్టించుకుంది.

ఎల్లేశం మీద రోకలి ఎత్తిన రోజు పట్టేసింది అది.