పుంజుగారి భోజనం

పోషకాహారం గురించి మా గణేష్‌బాబుకి తెలిసినంత భీమవరం డాక్టర్లకు కూడా తెలియదు. పొద్దున నానబెట్టిన బాదంపప్పు, మధ్యాహ్నం మటన్ కీమా, సాయంత్రం ఉడికించిన గుడ్డు. అన్నీ తన డేగ పుంజుకే. పందెం కాసేదాన్ని ఆ మాత్రం చూసుకోవాలి కదా!

రొయ్యల చెరువు మీదకి వెళ్తూ, "వేళకి పెట్టవే. ఒక్క పూట తప్పినా ఎగరలేదది" అని రోజూ భార్య హారతికి అప్పజెప్పేవాడు.

కడుపుతో ఉన్న హారతికి రక్తం తక్కువగా ఉందని నర్సమ్మ చెబితే, "ఆడాళ్ళకి అది మామూలేనండి" అని ఎదురు ఆవిడకే ధైర్యం చెప్పాడు. హారతికి లోటేముంది? ఇంట్లో అతను తెచ్చిపడేసిన రేషన్ బియ్యం ఉండనే ఉన్నాయి.

నిన్న బరిలో దించగానే పుంజు చతికిలబడింది. దాన్ని చంకలో పెట్టుకుని, ముఖం వేలాడేసుకుని గణేష్‌బాబు ఇంటికొచ్చేసరికి వాకిట్లో నర్సమ్మ నవ్వుతూ నిలబడి ఉంది.

"మీలాంటి మొగుడు ఊరికొకడుంటే చాలండి! ఏడున్న రక్తం పదకొండుకొచ్చింది. ఏం పెట్టారండి అసలు?"

అతను నోరు తెరిచేలోపే హారతి అందుకుంది.

"బాదంపప్పు, కీమా, గుడ్లు. అన్నీ ఆయనే దగ్గరుండి తెచ్చేవారండి. వేళకి పెట్టుకోవడం ఒక్కటే నా పని."

నర్సమ్మ మెచ్చుకుంటూ వెళ్ళిపోయింది. గణేష్‌బాబు చంకలోని పుంజుని చూశాడు. భార్యను చూశాడు.

"మరి దీనికేం పెట్టావే?"

"నాకని మీరు తెచ్చిందేనండి."