తొక్కల తాత

"మళ్లీ అరటితొక్కలా!"

ఫోటో స్టూడియో ఆవిడకి ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే కెమెరా భుజాన వేసుకుని తోపులోకి వస్తే, రోజూ అదే చెట్టు మొదట్లో కుళ్లిన తొక్కలు.

ఆవిడ తొందర ఆవిడది. ఈ తోపులోంచి రోడ్డు వేస్తారట. చుట్టుపక్కల ఎక్కడా లేని చిన్న గోధుమరంగు సీతాకోకచిలుక ఇక్కడుందని రుజువు చూపిస్తే, రోడ్డు పక్కకి జరుపుతామన్నారు ఆఫీసువాళ్లు. రెక్కల అడుగున కళ్లలాంటి చుక్కలు ఫోటోలో స్పష్టంగా కనిపించాలి. శుక్రవారం ఆఖరు.

అదేమో మహా టక్కరిది. నేలబారుగా ఎగురుతుంది, నీడలోనే వాలుతుంది, రెక్కలు మూసిందంటే అచ్చం ఎండుటాకే. ఇన్నాళ్లకి దొరికింది ఒక్క మసక ఫోటో.

తొక్కలు వేసే ముసలాయన చెట్టు పక్కనే నిలబడి నవ్వాడు.

"మావాళ్ల కోసమమ్మా."

"మీవాళ్లకి ఇంట్లో పెట్టుకోండి పెద్దాయనా! ఇదేమన్నా చెత్తకుండీనా?"

"ఇల్లే కదమ్మా ఇది!"

మతి చలించిందేమో పాపం, అనుకుంది. అయినా కోపం ఆగలేదు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర వాచ్‌మన్‌కి గట్టిగా చెప్పింది.

"ఆ తొక్కల తాతని లోపలికి రానివ్వకు."

మర్నాడు ఆ చోటంతా శుభ్రంగా ఊడ్చి, పూలకుండీలు తెచ్చి పెట్టింది. పువ్వుకి రాని సీతాకోకచిలుక ఉంటుందా?

తేనెటీగలు వచ్చాయి. తుమ్మెదలు వచ్చాయి. అది మాత్రం రాలేదు.

గురువారం సాయంత్రం, దిక్కుతోచక, ఆ మసక ఫోటోనే పెద్దది చేసి చూసింది. చుక్కలు తేలలేదు. దాని కాళ్లకింది ఎండుటాకు మాత్రం తేలింది.

అది ఆకు కాదు. అరటితొక్క.



తెల్లారగానే గేటు దగ్గరికి పరుగెత్తింది.

"తాత వచ్చాడా?"

"మొన్నటిదాకా వచ్చి బయటే నిలబడేవాడమ్మా. 'మావాళ్లు పువ్వు ముట్టరయ్యా, పస్తులుంటారు' అని ఒకటే పోరు. మీరేమో వద్దన్నారాయె! ఇక రావడం మానేశాడు."

"ఇల్లెక్కడ?"

"ఎవరికి తెలుసమ్మా?"

ఆవిడ బాగా మగ్గిపోయిన అరటిపండు ఒకటి తెచ్చి, ఒలిచి, ఆ చెట్టు మొదట్లో పెట్టి కూర్చుంది.

ఎండుటాకు ఒకటి లేచి వచ్చి వాలింది. వెనకే ఇంకోటి. రెక్కలు మూసుకుని, చుక్కల కళ్లతో ఆవిడకేసి చూస్తూ తినసాగాయి.

కెమెరా క్లిక్కుమంది. తోపు గట్టెక్కింది.

ఆవిడకి మాత్రం ఏడుపొచ్చింది.

తను గేటు బయట నిలబెట్టించింది ఈ ఇంటిపెద్దనే.